సైబీరియా కొంగలు - నేను చెప్పిన తప్పు పాఠం

ధనుర్మాసం ప్రవేశించిందంటే మా నలుగురికీ తెల్లవారుజామున ఇంట్లో కాలు నిలువదు. నలుగురమూ ఉద్యోగ విరమణ చేసినవారమే. ఒకరు పోస్టుమాస్టరుగారు, ఒకరు బ్యాంకులో జీవితమంతా ఇతరుల లెక్కలు సరిచూచినవారు, మూడవవారు మా బడిలోనే గణితం చెప్పిన సహోద్యోగి, నాలుగవవాడను తెలుగు పండితుడనైన నేను. గుంటూరు చుట్టుప్రక్కల చెఱువుల మీదికి పక్షులను చూడబోవడం మాకు కొన్నేళ్ళుగా అలవాటైపోయింది. ఈ వయసులో చలిగాలికి తిరగడమేమిటని ఇళ్ళలో సణుగుడు లేకపోలేదు. మంకీ క్యాపులు, మఫ్లర్లు, అమృతాంజనం డబ్బాలతో సర్వసన్నద్ధులమై బయలుదేరుతాము కాబట్టి ఆ సణుగుడు గుమ్మం దాటి రాదు.

మా పక్షిదర్శన యాత్రలలో పక్షులకంటె ప్రమాదాలే ఎక్కువ. ప్రమాదమంటే చదువరులు కంగారు పడనక్కరలేదు. మొన్నటి పొగమంచులో పోస్టుమాస్టరుగారు చెఱువు అవతలి గట్టున తెల్లగా నిలిచిన ఆకారాన్ని చూచి, "ఎంత నిశ్చలంగా ఉందో చూడండి, తపస్సే!" అంటూ దుర్భిణి నా చేతికిచ్చారు. ఇరవై నిమిషాలు ఊపిరి బిగబట్టి ఒకరి తరువాత ఒకరం చూచాము. ఎండపొడ రాగానే అది కంపకు తగులుకొన్న ఎరువుల సంచి అని తేలింది. అంతకు ముందు వారం లెక్కల మాస్టారు కాఫీ ఫ్లాస్కు అనుకొని మిరియాల చారు పోసిన ఫ్లాస్కు పట్టుకొచ్చారు. ఆ చలికి అదే త్రాగాము. నిజం చెప్పవద్దూ, కాఫీ కంటె మేలనిపించింది.

నా వంతు అపరాధం ఇంకొకటి. ఒక వీధిలో కాటుకపిట్ట తోక ఆడిస్తూ తిరుగుతుంటే, మన కావ్యాలలోని ఖంజరీటం ఇదే కదా అన్న పారవశ్యంలో వెనక్కి వెనక్కి నడిచి, ఒక పెద్దావిడ అప్పుడే వేసి ముగించిన ఇరవై ఒక్క చుక్కల ముగ్గు నడిమధ్యన నిలబడ్డాను. గొబ్బెమ్మ కూడా కాలి క్రింద పడింది. "ఇంత వయసొచ్చింది, కళ్ళు ఆకాశంలో పెట్టుకుని నడుస్తావేం నాయనా!" అన్నది ఆవిడ. కాటుకపిట్ట నేలమీదనే ఉన్నదని చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

ఇంత నవ్వులాటలో నేను చెప్పదలచిన మాట పలుచబడకూడదు. ఉప్పలపాడు చెఱువు దగ్గర ఒక ఉదయం జరిగిన సంభాషణతో దానిని మొదలుపెడతాను.

ఉప్పలపాడు మా ఊరికి కూతవేటు దూరం. ఊరి చెఱువులోని సర్కారు తుమ్మ చెట్లమీద గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు గూళ్ళు కట్టుకొంటాయి. ఆకు కనబడనంతగా పక్షులే. ఆ రోజు నా తెల్ల కండువాపై ఒక గూడబాతు తన ఆశీర్వచనాన్ని జారవిడిచింది. బ్యాంకు మిత్రులు నవ్వాపుకొంటూ, "సైబీరియా నుండి ఇంత దూరం వచ్చి మీమీదనే వేసిందంటే ఏదో ఋణానుబంధం" అన్నారు. నేను కూడా నవ్వాను. లెక్కల మాస్టారు మాత్రం నవ్వలేదు. "పండితులవారూ, ఆ గూటిలో పిల్లలున్నాయి చూచారా?" అని అడిగారు. చూచాను. "చలికి తాళలేక వలస వచ్చిన పక్షి పరాయి ఊళ్ళో గూడు కట్టి గుడ్లు పెట్టదండీ. చలికాలం గడుపుకొని, వేసవికి తన ఊరు చేరి అక్కడ పెడుతుంది. ఇక్కడ పిల్లలను లేపుతున్నదంటే ఇది ఇక్కడిదే."

అంత చిన్న తర్కం నాకు ముప్పై మూడేళ్ళ బోధనలో ఎందుకు తట్టలేదా అని తల దించుకొన్నాను. ఇంటికి వచ్చి సలీం అలీ మొదలైన పెద్దల పుస్తకాలు తిరగవేశాను. లెక్కల మాస్టారి మాటే నిజం. గూడబాతూ ఎర్రకాళ్ళ కొంగా దక్షిణాసియా పక్షులు. వానలకు చెఱువులు నిండిన తరువాత గూళ్ళు కట్టి, నీరు తగ్గుతూ చేపలు ఒకచోట చేరే కాలానికి పిల్లలను పెంచుకొంటాయి. నీరు లేనప్పుడు ఒక జిల్లానుండి మరొక జిల్లాకు, ఒక రాష్ట్రంనుండి మరొక రాష్ట్రానికి పోతాయి గాని సైబీరియా ముఖం చూడవు. పులికాటు సరస్సులో మనం రాజహంసలని పిలుచుకొనే పొడుగు కాళ్ళ పక్షులకు సైతం పేరుపడిన పురిటిచోటు కచ్ఛ్ రణ్‌లోని ఉప్పునేల. నిజంగా సైబీరియా నుండి మన దేశానికి వచ్చే తెల్లని కొంగజాతి ఒకటి ఉండేది. అది రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌లో 2002లో కడసారిగా కనబడి, ఆపైన రావడం మానివేసింది.

ఇందులో ఒక వినోదమున్నది. నిజంగా ఉత్తరాసియా నుండి వేల మైళ్ళు ఎగిరివచ్చే పక్షులు మన చెఱువులలో లేకపోలేదు. సూదితోక బాతు అటువంటిది. నేను ముగ్గు తొక్కి మరీ చూచిన కాటుకపిట్టలలో కొన్ని జాతులు అటువంటివే. తలపై రెండు నల్లని పట్టెలుండే బాతు టిబెట్టు, మంగోలియా సరస్సుల నుండి హిమాలయాల మీదుగా వస్తుంది. వర్షాగమనంలో హంసలు మానససరోవరానికి పయనమవుతాయని కాళిదాసు మేఘసందేశంలో చెప్పినదానిని మేము కవిసమయమని పిల్లలకు చెప్పి దాటవేసేవారము. అందులో కొంత కంటితో చూచిన సంగతి కూడా ఉన్నదేమోనని ఇప్పుడు అనిపిస్తున్నది. ఆ అసలు ప్రవాసులను ఎవరూ పట్టించుకోరు. పెద్దగా, రంగుగా, చెట్టెక్కి కనబడే మన ఇంటి పక్షికి మాత్రం సైబీరియా వాస్తవ్యురాలని పత్రికలూ బోర్డులూ బిరుదు తగిలిస్తున్నాయి. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురం నుండి అనంత సీమలోని వీరాపురం దాకా ఇదే వరస.

ఒక పేరు తప్పయినంత మాత్రాన ఏమి మునిగింది అంటారేమో. నేనూ అలాగే అనుకొన్నాను, క్రిందటి మాఘమాసం దాకా.

మా ఊరికి పదిమైళ్ళలో ఒక పల్లె ఉన్నది. పేరు వ్రాయను. అక్కడి చెఱువులో పాతిక ముప్పై చెట్లమీద ఈ కొంగలు ఏటా పిల్లలను లేపేవి. ఆ ఏడు మేము పోయేసరికి చెట్లు లేవు. పొక్లెయినుతో పెళ్ళగించి, చెఱువును నాలుగు మడులు చేసి చేపలకు కౌలుకిచ్చారు. గట్టున మొద్దులు పేర్చి ఉన్నాయి. వాటి నడుమ విఱిగిన పుల్లల గూళ్ళు. పోస్టుమాస్టరుగారు ఏమీ మాట్లాడకుండా పోయి కారులో కూర్చొన్నారు. ఊరి పెద్దలలో ఒకతను ఎదురు వచ్చి కాళ్ళకు నమస్కరించాడు. 1996లో తొమ్మిదవ తరగతిలో నా ముందు బల్లమీద కూర్చొన్న కుఱ్ఱవాడు.

"ఏరా, కొంగలేవిరా?" అన్నాను.

"వాటి దేశం అవి ఎళ్ళిపోయాయండి మాస్టారూ. సైబీరియా. మీరే చెప్పారుగా పాఠంలో, చలి తగ్గగానే పోతాయని. మళ్ళీ ఏడు ఎక్కడో ఓచోట దిగుతాయి లెండి."

వాడు వ్యంగ్యంగా అనలేదు. నిష్కపటంగా, గురువుగారి మాట గుర్తున్నందుకు కొంచెం గర్వంగా కూడా అన్నాడు. నేను చెప్పిన ఛందస్సు మరచిపోయి ఉంటాడు, సంధులు మరచిపోయి ఉంటాడు. ఈ ఒక్క తప్పు మాత్రం ఇన్నేళ్ళు భద్రంగా దాచుకొన్నాడు.

అప్పుడు బోధపడింది పేరు చేసే పని. పరదేశపు పక్షి అనుకొన్నప్పుడు, అది రాకపోతే తప్పు మనది కాదు. దానికి వేరే ఇల్లున్నది, అక్కడికి పోయింది. మన మనస్సాక్షికి ఇంతకంటె సులువైన విడుదల ఏమున్నది? ఆ చెట్లు కొట్టినవారు క్రూరులు కారు. చెఱువు పంచాయతీకి ఆదాయం కావాలి, అందులో అన్యాయమూ లేదు. పిల్లలు గూళ్ళలో ఉండగా కొట్టాలా, నాలుగు నెలలు ఆగితే కాదా అన్న ప్రశ్న వారికి పుట్టలేదు. వాటిది ఈ ఊరు కాదనుకొన్నప్పుడు ఆ ప్రశ్న ఎందుకు పుడుతుంది?

బ్యాంకు మిత్రులు నాతో ఏకీభవించరు. వారి వాదన త్రోసివేయదగినది కాదు. "విదేశీ అతిథులంటేనే జనానికి గౌరవం. ఇది మన చెఱువు కొంగే అని చాటితే ఇంటికోడికి ఉన్న విలువ కూడా ఇవ్వరు. మీ వ్యాకరణశుద్ధి కోసం వాటి ప్రాణం మీదికి తేకండి" అంటారు. ఇందులో సత్యమున్నది. మనవాళ్ళకు దూరపు కొండలు నునుపు.

అయితే నేను విన్నంతలో, ఈ పక్షులను తరతరాలుగా కాపాడుకొన్న పల్లెలవారు వాటిని అతిథులుగా కంటె పుట్టింటికి పురిటికి వచ్చిన ఆడపడుచులుగానే తలచారు. వాటి రెట్ట కలిసిన నీరు పొలానికి సత్తువ అని నేలపట్టు వైపు రైతులు నమ్ముతారు. ఈ రెండు భావాలూ సైబీరియా అన్న మాట మన పత్రికలలోకి రాకముందువై ఉండాలని నా ఊహ. పండితుడను కాబట్టి ఒక మాట చేర్చక మానను: తిథి చూడకుండా వచ్చేవాడు అతిథి. వీటి రాక పోకలు కాలనియమం తప్పనివి. మాట అర్థం చూచినా ఇవి అతిథులు కావు. ఆడపడుచు రాకపోతే పుట్టింటివారు "దాని ఊరికి అది పోయిందిలే" అని ఊరుకోరు కదా, ఏమైందని కబురు పెడతారు. నేను కోరేది ఆ కబురు మాత్రమే.

అందుకని ఈ చలికాలం నేను ఒక పని పెట్టుకొన్నాను. మా చుట్టుప్రక్కల బడులకు పోయి, నా మాట మన్నించే ప్రధానోపాధ్యాయులుంటే ఒక్క గంట అడుగుతున్నాను. పక్షిశాస్త్రం చెప్పే అర్హత నాకు లేదు. "మీ చెఱువులో కొంగ గూటిలో పిల్లలున్నాయా చూచి రండి" అని పంపడం, మరునాడు వారు చెప్పింది వినడం, ఇంతే. ఒక పిల్లవాడు, "తాతగారూ, మరి మా పుస్తకంలో సైబీరియా అని ఉందే, పరీక్షలో ఏది వ్రాయాలి?" అని అడిగాడు. సమాధానానికి తడబడ్డాను. పరీక్షలో పుస్తకంలోది వ్రాయి అని చెప్పడానికి నోరు రాలేదు, వద్దనడానికీ రాలేదు.

గడచిన ఆదివారం ఆ పల్లెకు మళ్ళీ పోయాము, నలుగురమూను. ఈసారి ఫ్లాస్కులో కాఫీయే. చేపల మడుల గట్టుమీద ఒకే ఒక ఎర్రకాళ్ళ కొంగ మొద్దుమీద నిలబడి ఉన్నది. ఎరువుల సంచి కాదుగదా అని పోస్టుమాస్టరుగారు రెండుసార్లు చూచి మరీ చెప్పారు. కాపలావాడు దానిని తోలడానికి టపాకాయ వెలిగించబోతున్నాడు. నా శిష్యుడు వెనుకనుండి వచ్చి, "ఆగరా, మాస్టారు చూస్తన్నారు" అన్నాడు. తరువాత నావైపు తిరిగి, "ఇది పోలేదేంటండీ మాస్టారూ, దానికి దారి తెలవదా?" అన్నాడు.

గట్టుమీద కూర్చోబెట్టి చెప్పడం మొదలుపెట్టాను. కాఫీ చల్లారిపోయింది. కొంగ మాత్రం మేమున్నంతసేపూ అక్కడే ఉన్నది.