కందపువ్వును పెరికివేయకుడు

తొలకరి వానలు పడిన పిమ్మట పెరటిలోని కంద పువ్వు పూయుట మన పిల్లలలో కొందరైనను చూచియుందురు. ఏటేట త్రవ్వి తీయు దుంపకు ఆ అవకాశము అరుదు. కొన్ని యేండ్లు నేలలోనే విడిచిన పెద్ద దుంప నుండి, ఆకు రాకమునుపే, ఊదారంగు పువ్వొకటి నేలను చీల్చుకొని లేచును. ఆ దినమున ఇల్లెల్ల కుళ్లు వాసన. ఎలుక చచ్చినదేమో యని పెద్దలు మూలమూలలు వెదకి, తుదకు పువ్వును కనుగొని పెరికి పారవేయుదురు. కన్నడిగులు దీనిని సువర్ణగెడ్డె యనినను, తమిళులు సేనైక్కిళంగు అనినను, ఈ పువ్వునకు ఏ యింటను మన్నన లేదు. దానిని రెండు దినములు ఉండనిండని తలిదండ్రులను కోరుటకే మేమీ వ్యాసము వ్రాయుచున్నాము.

ఆ కంపు నిష్కారణమైనది కాదు. మాంసము కుళ్లినపుడు వెలువడు గంధకపు సమ్మేళనములు, అనగా డైమిథైల్ డైసల్ఫైడ్, డైమిథైల్ ట్రైసల్ఫైడ్ అనునవి, ఈ పువ్వు నుండియు వెలువడును. కుళ్లినవానిని వెదకుకొను పెంకుపురుగులు, ఈగలు ఆ వాసనను నమ్మి వచ్చును. మొదట ఆడపువ్వులు పక్వమగును. తరువాత మగపువ్వులు పుప్పొడిని రాల్చును. ఆ పుప్పొడి నంటించుకొని వెడలిన పురుగు మరియొక కందపువ్వును చేరినచో మొక్క పని నెరవేరును. పురుగు వెదకిన మాంసము మాత్రము ఎక్కడను లేదు. ఇట్లు ఒక వస్తువునకో జీవికో చెందిన వాసనను వేరొకటి తయారుచేసి మూడవదానిని భ్రమింపజేయుట రసాయనానుకరణము.

మనము పిల్లలకు పువ్వులను గూర్చి సాధారణముగా ఒకే తీరున చెప్పుచున్నాము. పువ్వు మకరంద మిచ్చును, పురుగు పుప్పొడి మోయును, ఇది పరస్పర సహాయము, మనమును అట్లే మెలగవలెను అని. నీతి మంచిదే. కాని అది పువ్వు చెప్పిన నీతి కాదు. మనము పువ్వుచేత చెప్పించిన నీతి. కందపువ్వు ఆ పాఠమున ఇమడదు. ఇమడనిదానిని పెరికివేయుట తోటలో నయినను తరగతిలో నయినను సరికాదని మా యభిప్రాయము.

ఐరోపాలో ఓఫ్రిస్ అను ఆర్కిడ్ జాతి కలదు. అందొక దాని పువ్వులో మకరందము లేదు. నేలలో గూడు చేసికొను ఒక ఒంటరి తేనెటీగ యొక్క ఆడుది విడుచు వాసనను ఆ పువ్వు విడుచును. మగ తేనెటీగ దానిని ఆడుదియే యని భ్రమించి వ్రాలి, పుప్పొడి ముద్దను తలపై మోసికొనిపోవును. ఆ వాసనలోని హైడ్రోకార్బనులు ఆడ తేనెటీగ వాసనలోనివేయని 1999లో షీస్టల్, ఆయన సహచరులు చూపిరి. అంతేకాదు. ఫలదీకరణ సిద్ధించిన పువ్వు, జతకూడి ముగించిన ఆడ తేనెటీగ విడుచు వాసననే విడిచి మగదానిని దూరముగా నుంచునని 2001లో తేలినది. అప్పుడు ఆ మగది అదే కంకి మీది ఇంకొక పువ్వు వైపు మరలును.

పిల్లలకు మోసపు కథలేల అని పెద్దలడుగవచ్చును. పువ్వునకు తలంపు లేదు; కావున పాపమును లేదు, పుణ్యమును లేదు. ఆ హైడ్రోకార్బనులు మొక్క ఒంటిమీది మైనపు పూతలోను ఉండునవే. ఏ పువ్వు వాసన తేనెటీగ వాసనకు కొంచెము దగ్గరైనదో దానికి విత్తనము లెక్కువ కలిగినవి. తరతరములుగా ఆ పోలిక బలపడినది. ఇది తెలిసిన బాలుడు మోసగా డగునని మేము తలంపము. పరిమళమైనను కంపైనను దానికొక కారణముండునని, ఆ కారణమును వెదకవలెనని మాత్రము నేర్చును.

వెదకినవారికి ఏమి దొరకునో ఒక్క నిదర్శనము చాలును. ప్రాగ్ నుండి అమెరికాలోని హార్వర్డునకు కారెల్ స్లామా యను శాస్త్రజ్ఞుడు కొన్ని ఎర్రని పురుగులను తీసికొనిపోయెను. అవి అయిదు దశలు గడచి పెద్దవి కావలసియుండగా, అక్కడ పెద్దవి కాక, మరల పిల్లపురుగులుగానే కుబుసము విడిచి, తుదకు చచ్చినవి. స్లామాయు, అక్కడి కారోల్ విలియమ్సును ఒక్కొక్కటే పరీక్షింపగా, దోషము పాత్రలో పరచిన కాగితముదని తేలెను. అమెరికా వార్తాపత్రికల కాగితము పురుగును ఆపినది. లండను టైమ్సు కాగితము ఆపలేదు. ఆ అమెరికా కాగితము చేసిన బాల్సమ్ ఫర్ అను చెట్టులో, పురుగు బాల్యమును నిలుపు హార్మోనును పోలిన పదార్థముండెను. మన దేశపు పత్తిచేలలోని ఎర్రపురుగుపైనను ఇది పనిచేయునని 1966లో చూపిరి. ఇట్టి హార్మోనును అనుకరించు మందులు నేడు దోమపిల్లలను ఎదుగనీయకుండుటకు వాడుకలో నున్నవి. పురుగులు చచ్చినవి, పోనిమ్మని ఆ శాస్త్రజ్ఞులు పాత్రను కడిగివేసియుండిన, ఆ సంగతి వారికి దొరకెడిదా?

శాస్త్రము తెలుగులో రాదని, పెద్ద తరగతులకు పోవుసరికి పిల్లలను ఇతర మాధ్యమమునకు మార్చవలసినదేనని కొందరు తలిదండ్రులు మాతో ననుచున్నారు. సమ్మేళనముల పేర్లు ఏ భాషలోనైన నొక్కటియే. కాని ఏ పొద్దున కంపు హెచ్చినది, ఏ పురుగు వచ్చినది, ఎంతసేపున్నది అని చూచి చెప్పుటకు బిడ్డకు ఇంటి మాటలే ముందు వచ్చును. చూచినది చెప్పలేని శాస్త్రము వల్లెవేతయే యగును.

కావున ఈసారి మీ పెరటిలో కంద పూచినచో, ముక్కు మూసికొనియైనను రెండు దినములు ఓర్చుకొనుడు. బిడ్డ చేతికొక పుస్తకము, పెన్సిలు ఇండు. వాడు వ్రాసికొని తెచ్చినదానిని మేము తరగతిలో చదివించెదము.