రెండు పడవల మీద రెండు కాళ్ళు

మొన్న ఆదివారం మా ఇంటికి భోజనానికి వచ్చిన ఒక కుర్రవాడు ఆవకాయ కలుపుకుంటూ, "అన్నా, స్కీలు కొనేస్తున్నాను. ఒక్క జత చాలట. లిఫ్టు ఎక్కి దిగడానికీ అదే, కొండెక్కి దిగడానికీ అదే" అన్నాడు. నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఏడేళ్ళ క్రితం నేనూ ఇదే మాటని ఇంతే ఉత్సాహంతో మా ఆవిడతో అన్నాను. ఆ ఉత్సాహం నా కుడికాలి ఎముక విరగడంతో ముగిసింది.

అందుకే ఈ టపా. మంచు మీద జారే చెక్కల గోల తెలుగులో ఎవరికి కావాలని అడిగేవారుంటారు. సియాటిల్ చుట్టుపక్కల మనవాళ్ళ గరాజులు ఒకసారి తెరిపించి చూడండి, ఎవరికి కావాలో తెలుస్తుంది.

నా వాదం ముందే చెప్పేస్తాను. రిసార్టుకూ అడవికొండకూ కలిపి ఒకటే జత అనేది మనబోటి ఉద్యోగస్తులకు అమ్ముడుపోతున్న భ్రమ. అందులో నష్టపోయేది డబ్బు మాత్రమే అయితే నాకు ఇంత ఆవేశం అక్కర్లేదు.

తెలియనివారి కోసం నాలుగు మాటలు. రిసార్టులో లిఫ్టు మనల్ని పైకి మోస్తుంది, మనం జారి కిందికొస్తాం. దారిని యంత్రాలతో చదును చేస్తారు, పడితే మోసుకెళ్ళడానికి పెట్రోలు వాళ్ళుంటారు, మంచుచరియల ప్రమాదం ఉన్నచోట వాళ్ళే ముందుగా పేల్చి దింపుతారు. ఆ హద్దు దాటితే బ్యాక్ కంట్రీ. అక్కడ లిఫ్టు లేదు. స్కీల అడుగున ఒకవైపు నూగున్న పట్టీ అంటించుకుని, మడమ పైకి లేచేలా బైండింగు మార్చుకుని, గంటల తరబడి నడిచి ఎక్కాలి. పైకి చేరాక పట్టీలు పీకి, మడమ బిగించుకుని దిగాలి. మొదటి చోట ఎక్కేది సున్నా, దిగేది పది సార్లు. రెండోచోట ఎక్కేది నాలుగు గంటలు, దిగేది అరగంట. ఈ రెండింటికీ ఒకటే పనిముట్టు ఎలా కుదురుతుందన్నదే ప్రశ్న.

బూటును స్కీకి కలిపి ఉంచేది బైండింగు. దీనికి తెలుగులో 'పట్టు' అని పేరు పెట్టి మురిసిపోయాను ఒకప్పుడు. పేరు సగమే సరైనది. పట్టుకోవడం ఎవరైనా చేస్తారు, నాలుగు మేకులు కొట్టినా పట్టుకుంటుంది. దాని అసలు విద్య విడవడంలో ఉంది. కాలు మెలిపడినప్పుడు, ఎముక విరిగే బలం రాకముందే, బూటును వదిలేయాలి. అలాగని చిన్న కుదుపుకే వదిలితే అదీ ప్రమాదమే. కాబట్టి కొద్దిగా సాగి, కుదుపును మింగి, మళ్ళీ యథాస్థానానికి రావాలి. మనుషుల్లో మెచ్చుకునే పట్టువిడుపులే ఇక్కడ ఉక్కులోనూ స్ప్రింగులోనూ కావాలి. మామూలు ఆల్పైన్ బైండింగులో ఈ సాగే గుణం పుష్కలం. ఇంతాచేసి అది ప్రధానంగా కాపాడేది మోకాలి కింది ఎముకనే. మోకాలి లోపలి లిగమెంట్ల విషయంలో దాని శక్తి పరిమితమే.

ఇక కొండెక్కేవాళ్ళది వేరే దారి. 1980లలో ఫ్రిట్జ్ బార్తెల్ అనే ఆస్ట్రియా దేశస్థుడు, కాలికి వేలాడే బరువుతో విసిగి, ఒక అద్భుతం చేశాడు. బూటు ముందుభాగంలో రెండు లోహపు గుంటలు, వాటిలో ఇటునుంచీ అటునుంచీ దిగే రెండు సూదిమొనలు, మడమ దగ్గర ఇంకో రెండు కడ్డీలు. అంతే బైండింగు. తర్వాత డైనాఫిట్ సంస్థ దాన్ని చేపట్టింది, పేటెంటు గడువు తీరాక మిగతావాళ్ళూ అందుకున్నారు. ఆ సరళతకు నేను ఇప్పటికీ నమస్కరిస్తాను. ఎక్కే పనికి దానంత గొప్పది ఇంకోటి రాలేదు.

అయితే ఆ సాంప్రదాయిక రూపంలో బూటు పక్కకి విడిపోవడానికి తిరగవలసినది మడమభాగం. ముందున్న సూదులకు ఆల్పైన్ బైండింగులాగా కొలత పెట్టుకునే వీలు లేదు, సాగే గుణమూ తక్కువ. గట్టిపడిన మంచు మీద వేగంగా పోతుంటే అదురుకు ఊడిపోతుంది. ఊడకుండా ముందు మీట బిగించవచ్చు, కానీ ఆ బిగింపు ఎక్కేటప్పటి కోసం పెట్టింది. బిగించి దిగితే విడుపు అనేది దాదాపు ఉండదు. రెండు రకాలకీ ప్రమాణాలే వేరు: ఆల్పైన్ బైండింగుకు ఐ.ఎస్.ఓ. 9462, టూరింగు బైండింగుకు 13992. ఆ రెండు అంకెల తేడాను కొన్న రోజున నాకెవరూ చెప్పలేదు. నేనూ అడగలేదనుకోండి.

నాకు జరిగింది అదే. ఒక దుకాణంలో "రెండింటికీ సరిపోతుంది" అనగానే తేలికపాటి స్కీల మీద సూదుల బైండింగు బిగింపించుకున్నాను. ఆ చలికాలం రిసార్టులో రెండుసార్లు అకారణంగా ఊడింది. అనుభవజ్ఞులమనుకునే మిత్రులు "ముందు మీట బిగించుకుని దిగు, మేమంతా అంతే" అన్నారు. బిగించుకున్నాను. మార్చి నెల, స్నొక్వాల్మీ కనుమ, మధ్యాహ్నం. ఆ కనుమ ఎత్తు మూడువేల అడుగులు మాత్రమే. అక్కడ పడేది ముద్దలాంటి తడిమంచు, దాన్ని ఇక్కడివాళ్ళు కాస్కేడ్ కాంక్రీటు అంటారు. ఆ కాంక్రీటులో కుడి స్కీ కూరుకుపోయింది, నేను నెమ్మదిగా, చాలా నెమ్మదిగా, ఎడమవైపు తిరిగి పడ్డాను. వేగం లేని పాటు. ఆల్పైన్ బైండింగు అయితే టక్కున వదిలి ఉండేది. ఇది వదల్లేదు. శబ్దం మాత్రం వినిపించింది. నాలుగు నెలలు కర్రల మీద నడిచాను. గుంటూరులో అమ్మకి మెట్ల మీద జారానని చెప్పాను, ఇప్పటికీ అదే నమ్ముతోంది.

మంచం మీద ఉన్నప్పుడు నా డైరీ తిరగేశాను. ఆ చలికాలంలో మంచు మీదికి వెళ్ళినవి 21 రోజులు. లిఫ్టు ఎక్కినవి 19. పట్టీలు అంటించినవి 2. ఆ రెండు రోజుల కోసం మిగతా 19 రోజులూ నా కాళ్ళను పణంగా పెట్టానన్నమాట! నేను కొనుక్కున్నది పనిముట్టు కాదు, కొండలెక్కే మనిషిగా నా గురించి నేను వేసుకున్న బొమ్మ. "సగం సగం" అని చెప్పే ప్రతివాడినీ నేను అడిగేది ఒక్కటే: పోయిన ఏడాది లెక్క చూపించు. ఇంతవరకూ నాకు సగం సగం చూపించినవాడు ఒక్కడూ తటస్థపడలేదు.

"అది పాత కథ, ఇప్పుడు మిశ్రమ బైండింగులు వచ్చాయి" అని అప్పుడే కొందరు గొణుగుతున్నారు. వచ్చాయి. 2018లో సాలమన్, అటామిక్ సంస్థలు షిఫ్ట్ తెచ్చాయి, 2020లో మార్కర్ డ్యూక్ పి.టి. తెచ్చింది. ఎక్కేటప్పుడు సూదులు, దిగేటప్పుడు అసలైన ఆల్పైన్ పట్టు. తెలివైన యంత్రాలు, కాదనను. సూదుల మీద రిసార్టులో తిరగడం కంటే ఇవి నూరుపాళ్ళు మేలు. కానీ షిఫ్ట్ ఒక్కొక్కటీ సుమారు 900 గ్రాములు తూగుతుంది. సిసలైన టూరింగు బైండింగులు 300 నుంచి 600 గ్రాముల్లో దొరుకుతాయి. అంటే కొండెక్కేవాడికి ఇది బరువు. లిఫ్టు ఎక్కేవాడికేమో కదిలే భాగాలు ఎక్కువ, మీటల సందుల్లో మంచు గడ్డకడుతుంది, బూటు కిందుండే పలక ఎత్తును జాగ్రత్తగా సరిచేయాలి, అది తప్పితే విడుపు లెక్క తప్పుతుంది. ఏడాదికి పది పదిహేను రోజులు నిజంగా ఎక్కుతూ, రెండో జతకి చోటో డబ్బో లేనివాడికి ఇది సబబే. ఇద్దరు ముగ్గురున్నారు అలాంటివాళ్ళు నా ఎరుకలో. మిగతావాళ్ళం ఆ యంత్రాన్ని ఏడాదంతా మోసి రెండుసార్లు మీట తిప్పుతాం.

స్కీలదీ ఇదే కథ. 1,500 గ్రాముల స్కీ ఎక్కడానికి హాయి. నలుగురూ తొక్కి గుట్టలు గుట్టలు చేసిన రిసార్టు మంచులో అదే స్కీ గాలిపటంలా ఎగురుతుంది. అక్కడ 1,900, 2,000 గ్రాముల చెక్క మన పక్షాన నిలబడుతుంది. ఇక పాదం కింద 115 మిల్లీమీటర్ల వెడల్పున్నవి కొని పొద్దుటి గట్టిమంచు మీద అంచు నిలవక అవస్థపడేవాళ్ళని చూస్తే జాలి. మా కాస్కేడ్ కొండలకు 95 నుంచి 102 చాలు.

గ్రాముల పిచ్చి గురించి కూడా ఒక మాట. పట్టీలతో నడిచేటప్పుడు స్కీని ఎత్తి వేయం, ఈడుస్తాం. బరువు తెలుస్తుంది, కానీ దుకాణంలో చేతులతో ఎత్తి చూసినంతగా కాదు. పారడైజ్ నుంచి క్యాంప్ మ్యూర్‌కి సుమారు 4,600 అడుగుల ఎక్కుడు. ఆ దారిలో నన్ను ఆపింది ఎప్పుడూ బైండింగు కాదు, ఏడాదంతా కుర్చీలో కూర్చున్న నా ఊపిరితిత్తులే.

మరి ఏం కొనాలి? ముందు బూట్లు. కాలికి సరిగ్గా పట్టేవి, నడక మీట ఉన్నవి, ముందు సూది గుంటలున్నవి, గ్రిప్‌వాక్ అడుగుతో. ఈ ఒక్క వస్తువు విషయంలో రెండు పడవలూ కలుస్తాయి. అయితే ఆ అడుగును మీ ఆల్పైన్ బైండింగు ఒప్పుకుంటుందో లేదో అడిగి తీరాలి, అన్నీ ఒప్పుకోవు. తర్వాత రిసార్టుకు మామూలు స్కీలు, మామూలు ఆల్పైన్ బైండింగు. కొండకు వెళ్ళే ఆ రెండు మూడు రోజులకూ టూరింగు జత అద్దెకు తీసుకోవడం. మోజు రెండు చలికాలాలు నిలిస్తే అప్పుడు తేలికపాటి రెండో జత, పాతదైనా సరే.

మిగిలిన డబ్బు బీకనుకీ, పారకీ, ప్రోబు కర్రకీ, మంచుచరియల మీద మూడు రోజుల కోర్సుకీ. ఒకే జత సిద్ధాంతంలో నన్ను అన్నిటికంటే భయపెట్టేది ఇక్కడే ఉంది. కాళ్ళకున్నది అడవికొండకు పనికొచ్చే జత అయినప్పుడు రిసార్టు గేటు గోడలా కనబడదు, గుమ్మంలా కనబడుతుంది. 2012 ఫిబ్రవరి 19న స్టీవెన్స్ కనుమలో 16 మంది లిఫ్టు దిగి, కొద్దిదూరం నడిచి, టనెల్ క్రీక్ వైపు హద్దు దాటారు. చరియ విరిగింది, ముగ్గురు పోయారు. గాలిసంచి ఉబ్బడం వల్ల ఒకామె బతికింది. వాళ్ళలో అనుభవం లేనివాళ్ళు కాదు పోయింది, వాళ్ళ పనిముట్లలోనూ లోపం లేదు. పూడిపోయినవారిని పది పదిహేను నిమిషాల్లో తవ్వి తీయకపోతే ఆశ వేగంగా సన్నగిల్లుతుంది. ఆ తవ్వే చేతులు పక్కనున్న స్నేహితుడివే కావాలి. అతనికి బీకను వాడటం వచ్చో రాదో తెలియకుండా బైండింగు గ్రాముల గురించి గంటలు గంటలు వాదించుకుంటున్నాం.

ఇదంతా కుర్రవాడికి చెప్పేసరికి పెరుగన్నం కూడా అయిపోయింది. ఆలోచిస్తానన్నాడు. వెళ్ళబోతూ గరాజులో గోడకి ఆనించి ఉన్న నా పాత సూదుల జతని చూసి, "వీటిని అమ్మేస్తావా అన్నా?" అని అడిగాడు. అమ్మనన్నాను. అవి ఇప్పుడు కొండకు మాత్రమే వస్తాయి. "కోర్సు చేసి రా, అరువిస్తాను. నీ బూటు కొలతకి మడమ జరపాలి, స్క్రూడ్రైవరు నా దగ్గరుంది" అన్నాను. కోర్సు ఎప్పుడుందో అప్పుడే ఫోనులో వెతకడం మొదలుపెట్టాడు.