మండలి రద్దు చేసేస్తే పోతుందనుకుంటే...

సామర్లకోట: చేతిలో మెజారిటీ ఉన్న పార్టీకి, తన బిల్లుని ఆపే ఏర్పాటు ఏదైనా కంట్లో నలుసే. అమెరికాలో ఆ నలుసు పేరు ఫిలిబస్టర్. వంద మంది సభ్యులున్న సెనేట్‌లో చాలా బిల్లులకి చర్చ ముగించి ఓటింగ్ పెట్టాలంటే 60 మంది ఒప్పుకోవాలి. 2025 అక్టోబరు 1 నుంచి 43 రోజులు బడ్జెట్ పాస్ కాక ప్రభుత్వ ఆఫీసులు మూతపడ్డాయి. ఆ రూలే తీసిపారేయమన్నారు ట్రంప్. సెనేట్‌లో ఆయన పార్టీ నాయకుడు జాన్ థూనే ఒప్పుకోలేదు. రేపు ప్రతిపక్షంలో కూర్చోవాల్సి వస్తే ఆ రూలు తమకే కావాలన్నది ఆ పార్టీలో చాలామంది లెక్క.

ఈ లెక్క మన రాష్ట్రానికి కొత్తేం కాదు. మనకి ఫిలిబస్టర్ లేదు గానీ శాసన మండలి ఉంది.

2020 జనవరిలో మూడు రాజధానుల బిల్లులు శాసనసభ దాటి మండలికి వచ్చాయి. సభలో వైసీపీకి 175కి 151 సీట్లు. మండలిలో 58 మందికి తొమ్మిది మందే. జనవరి 22న మండలి ఛైర్మన్ ఎం.ఎ.షరీఫ్ గారు తన విచక్షణాధికారంతో ఆ బిల్లుల్ని సెలెక్ట్ కమిటీకి పంపుతున్నట్టు ప్రకటించారు. ఆయన మన గోదావరి జిల్లాల మనిషే, నరసాపురం. ఐదు రోజులు తిరక్కుండానే, జనవరి 27న, మండలినే రద్దు చేయాలని శాసనసభ తీర్మానించింది. అనుకూలంగా 133, వ్యతిరేకంగా సున్నా. టీడీపీ ఆ రోజు సభకి రాలేదు.

ఆ తర్వాత ఏమైంది? 169వ అధికరణం ప్రకారం సభ తీర్మానం ఒక్కటే చాలదు, పార్లమెంటు చట్టం చేయాలి. అది జరగలేదు. ఈలోగా మండలిలో వైసీపీ బలం పెరిగింది. 2021 నవంబరు 23న అదే సభ తన తీర్మానాన్ని వెనక్కి తీసుకుంది. 2024 ఎన్నికల్లో ఆ పార్టీకి 11 సీట్లే వచ్చాయి, శాసనసభలో ప్రతిపక్ష హోదా దక్కలేదు. ఆ హోదా ఆ పార్టీకి దక్కింది మండలిలోనే, బొత్స సత్యనారాయణ గారి రూపంలో. ఏ సభని వద్దన్నారో ఆ సభే నీడైంది.

టీడీపీ కథా అంతే. 1958లో ఏర్పడిన మండలిని 1985లో రద్దు చేయించింది ఎన్టీఆర్. వైఎస్ హయాంలో 2007లో తిరిగొచ్చింది. 2020లో టీడీపీ నిలబడగలిగింది ఆ మండలిలోనే.

రద్దు కోరేవాళ్ల మాటలోనూ నిజం ఉంది. ఓడిపోయిన నాయకులకి మండలి పునరావాస కేంద్రం అయింది, ఖర్చు దండగ అంటారు. జనం ఓటేసి గెలిపించిన సభని పరోక్షంగా వచ్చినవాళ్లు ఆపడమేంటి అని అడుగుతారు. కానీ మన మండలి ఏ బిల్లునీ శాశ్వతంగా ఆపలేదు. 197వ అధికరణం ప్రకారం మొదటిసారి మూడు నెలలు, సభ మళ్లీ పాస్ చేసి పంపితే ఇంకో నెల, అంతే. మూడు రాజధానుల బిల్లులు కూడా 2020 జూలై 31న గవర్నర్ సంతకంతో చట్టాలయ్యాయి. అమెరికాలో 41 మంది గట్టిగా కూర్చుంటే బిల్లు ఏళ్ల తరబడి కదలదు. అక్కడ రూలు సడలించాలనే వాదనకి బలం ఉంది. నాలుగు నెలల ఆలస్యానికి సభనే మూసేయడం మాత్రం న్యాయం కాదు.

ఈ ఆలస్యం విలువ మనకి బాగా తెలుసు. వక్ఫ్ సవరణ బిల్లుని 2024 ఆగస్టులో పార్లమెంటు సంయుక్త కమిటీకి పంపారు. ఆ వ్యవధిలో దేశమంతా ముస్లింలు అభ్యంతరాలు రాసి పంపారు. 2025 ఏప్రిల్‌లో లోక్‌సభలో 288–232తో, రాజ్యసభలో 128–95తో బిల్లు నెగ్గింది. టీడీపీ అనుకూలంగా ఓటేసింది. అంటే ఆలస్యం మనల్ని గెలిపించలేదు. కానీ మన మాట రికార్డులోకి ఎక్కింది. ఆ తర్వాత పోరాటం సుప్రీంకోర్టుకి చేరి, సెప్టెంబరు 15న కొన్ని సెక్షన్లపై స్టే వచ్చింది. రాత్రికి రాత్రి పాసైపోయే బిల్లుకి అభ్యంతరం రాసుకునే టైమైనా ఉండదు.

ఇప్పటి శాసనసభలో 175 మందిలో ముస్లింలు ముగ్గురు. అదే మండలిలో షరీఫ్ గారికి ముందు ఎన్.ఎం.డి.ఫరూఖ్ గారూ ఛైర్మన్‌గా చేశారు. 2021లో ఉభయ గోదావరి టీచర్లు షేక్ సాబ్జీ గారిని గెలిపించారు. 2023 డిసెంబరులో రోడ్డు ప్రమాదంలో ఆయన చనిపోయారు. కులం, డబ్బు లెక్కల్లో ఎమ్మెల్యే టికెట్టు దొరకని మనిషికి టీచర్ల ఓటు దారి చూపించింది.

ఆ సీటు గడువు 2027 మార్చితో ముగుస్తుంది. టీచర్, గ్రాడ్యుయేట్ ఎమ్మెల్సీ ఓటర్ల లిస్టు ప్రతి ఎన్నికకీ కొత్తగా తయారుచేస్తారు. పోయినసారి ఓటేశాం కదా అనుకుంటే పేరు ఉండదు. హైస్కూలు, ఆపై స్థాయిలో గత ఆరేళ్లలో మూడేళ్లు పనిచేసిన టీచర్లు ఫారం 19 ఇవ్వాలి. గ్రాడ్యుయేట్ ఓటుకైతే డిగ్రీ పూర్తయి మూడేళ్లు నిండాలి, ఫారం 18. మన ఇళ్లలో డిగ్రీ చదివిన అమ్మాయిల పేర్లు కూడా మరవకండి. మండలి ఉండాలని కోరుకునేవాళ్లం, ముందు ఆ లిస్టులో ఉండాలి.