దానికీ నీళ్లు పట్టేవా?

కొత్తవలసలో మా అక్క వాళ్లింట్లో 2014 అక్టోబరు 12ను ఎవరూ మర్చిపోరు. ఆ ఆదివారమే హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటింది. చెట్లూ కరెంటు స్తంభాలూ నేలకొరిగాయి. ఊరు చీకటైంది.

మా మేనల్లుడిది అప్పుడు ఇంజినీరింగ్ ఆఖరి ఏడాది. ప్రాజెక్టు రిపోర్టు లాప్‌టాప్‌లో సగంలో ఉంది. ‘‘ఇన్వర్టర్ ఉంది కదమ్మా, ఏటి భయం?’’ అన్నాడు. గాలివాన వెలిశాక ఒకటే ఉక్క, దోమలు. హాల్లో ఒకటి, గదిలో ఒకటి ఫ్యాన్లు వేసుకుని పడుకున్నారు. తెల్లారేసరికి ఇన్వర్టర్ కుయ్‌మని ఆగిపోయింది. లాప్‌టాప్ తెరిస్తే అదీ పావుగంటకే కన్నుమూసింది. ఏడాది పొడుగునా ప్లగ్గులోనే ఉంచిన బ్యాటరీ మరి!

ఇంటిల్లిపాదికీ పనికొచ్చే లెక్క ఒకటి ఇక్కడుంది. 12 వోల్టుల, 150 ఆంపియర్-అవర్ల ఇన్వర్టర్ బ్యాటరీలో ఉండేది 1,800 వాట్-అవర్లు. మామూలు సీలింగ్ ఫ్యాను 75 వాట్లు. ఇన్వర్టర్ తనవంతు తినేది కలిపితే రెండు ఫ్యాన్లకు గంటకు 200 దాకా పోతుంది. తొమ్మిది గంటలకు డబ్బా ఖాళీ!

అదే లాప్‌టాప్ బ్యాటరీ అయితే సుమారు 45 వాట్-అవర్లు. దారిలో వేడిగా పోయేది కలుపుకున్నా ఒకసారి నిండడానికి 100 చాలు. సీసం బ్యాటరీని అడుగంటా వాడితే పాడవుతుంది కాబట్టి సగమే వాడుకుందాం. అయినా తొమ్మిదిసార్లు నింపొచ్చు. రాతపనికి ఒక్కోసారికీ మూడు నాలుగు గంటలు వస్తుంది. కిటుకల్లా ఒకటే. నిండగానే ఇన్వర్టర్ ఆపేయాలి. పనేమీ లేకపోయినా ఆన్‌లో ఉంటే అది కరెంటు తింటూనే ఉంటుంది.

ఇక అడాప్టరు. అది వట్టి తీగ కాదు. గోడలోంచి వచ్చే 230 వోల్టుల ఏసీని చాలా లాప్‌టాప్‌లకు కావలసిన 19 వోల్టుల డీసీగా మార్చేది అదే. పిన్ను పట్టింది కదా అని పక్కింటి అడాప్టరు గుచ్చేయకండి. దానిమీది చీటీ చదవండి. అవుట్‌పుట్ వోల్టులూ, ప్లస్ మైనస్ గుర్తులూ మీదానితో సరిపోవాలి. ఆంపియర్లు ఎక్కువున్నా ఫర్వాలేదు, తక్కువ కాకూడదు. సీ-టైపు వాటితో ఈ బెడద తక్కువ. ఎన్ని వోల్టులు కావాలో లాప్‌టాప్, అడాప్టరు తమలో తామే తేల్చుకుంటాయి. వాట్లు సరిపోతున్నాయో లేదో మాత్రం మనమే చూసుకోవాలి.

లాప్‌టాప్‌లోని లిథియం బ్యాటరీకి ఎప్పుడూ నిండుగా ఉండటం, పైగా వేడి... రెండూ పడవు. చాలా లాప్‌టాప్‌లలో ఛార్జింగ్‌ను 80 శాతం దగ్గర ఆపే సెట్టింగ్ ఉంటుంది. రోజూ ప్లగ్గులోనే ఉంచేవాళ్లు దాన్ని పెట్టుకోవాలి. తుపాను హెచ్చరిక రాగానే తీసేసి నూటికి నూరూ నింపుకోవాలి. బ్యాటరీ ఉబ్బితే మాత్రం ఇక వాడనే కూడదు.

ఇప్పుడు రేడియోలో వాయుగుండం మాట వినిపిస్తే మా అక్క ముందు డ్రమ్ములన్నీ నింపుతుంది. తర్వాత మేనల్లుడి గదివైపు తిరిగి ఒకటే కేక:

‘‘ఒరే, దానికీ నీళ్లు పట్టేవా?’’