ఆ రోజు అరిచింది నేనే

మా చెల్లి ఆంధ్రాలో ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో హౌస్ సర్జన్. ఈమధ్య ఒక రాత్రి డ్యూటీలో ఉండగా పేషెంటు తాలూకు మనుషులు దాని మీద చెయ్యి చేసుకున్నారు. ఫోన్లో వెక్కి వెక్కి ఏడుస్తుంటే నాకు ఒళ్లు మండిపోయింది. "అలాంటివాళ్లని లోపలెయ్యాలి" అన్నాను. అందుకు చట్టం కూడా ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లోనే తెచ్చారు, మూడేళ్ల దాకా జైలు.

నెల తిరక్కుండానే, ఇక్కడ ఇంగ్లండ్‌లో మా ఊరి ఆసుపత్రిలో రిసెప్షన్ ముందు నిలబడి గొంతు చించుకున్నది ఎవరనుకున్నారు? నేనే.

మా అత్తయ్యగారు మా దగ్గర కొన్నాళ్లుందామని వచ్చారు. ఓ సాయంత్రం కడుపునొప్పితో మెలికలు తిరిగిపోతుంటే ఎమర్జెన్సీకి తీసుకెళ్లాం. నాలుగు గంటలైనా పిలుపు లేదు. మా తర్వాత వచ్చిన ఓ కుర్రాణ్ణి మాత్రం నేరుగా లోపలికి తీసుకెళ్లారు. అంతే, లేచి వెళ్లి, "మేం ఇండియన్లమనేగా ఇలా కూర్చోబెట్టారు?" అని అరిచాను. అద్దం వెనకున్న అమ్మాయి ముఖం పాలిపోయింది. ఆ కుర్రాడికి ఊపిరి అందడం లేదని, ఇక్కడ ముందొచ్చినవాళ్లని కాదు, ప్రాణాపాయం ఉన్నవాళ్లని ముందు చూస్తారని మెల్లగా చెప్పింది.

వెనక్కొచ్చి కూర్చుంటే అత్తయ్యగారు నా చెయ్యి పట్టుకున్నారు. "మీ చెల్లి మీదికొచ్చినవాళ్లకీ ఇలాగే భయం వేసుంటుందమ్మాయ్" అన్నారు. ఆ మాట నేటికీ గుచ్చుకుంటూనే ఉంది.

భయం వేసిందని చెయ్యెత్తడం ఒప్పయిపోదు. ఇంగ్లండ్, వేల్స్‌లో వైద్యసిబ్బంది మీద దాడులకి 2018లో ప్రత్యేక చట్టం వచ్చింది. కానీ శిక్ష దెబ్బ తగిలాక సంగతి. దెబ్బ తగలకుండా ఏం చెయ్యాలి? బీఎస్సీ చదివిన బుర్ర కదా, వెతికాను. ఇక్కడి డిజైన్ కౌన్సిల్ రెండు ఆసుపత్రుల ఎమర్జెన్సీల్లో చిన్న పని చేసింది. ఇప్పుడు మీరు ఏ దశలో ఉన్నారు, తర్వాత ఏం జరుగుతుంది, ఎందుకు ఆలస్యమవుతోంది అని గోడల మీద బోర్డులు పెట్టింది. బెదిరింపు ధోరణి, దూకుడు సగానికి తగ్గాయి.

మనవైపు నుంచి మనం చెయ్యగలిగింది కూడా ఉంది. పెద్దవాళ్లు వాడే మందులు, ఎలర్జీలు ఒక కాగితం మీద రాసి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకోండి. ఇంటిల్లిపాదీ ఎగబడకుండా ఒక్కరే మాట్లాడండి. "ఎంతసేపు?" అని పదేపదే అడిగే బదులు, "ఏ మార్పు కనిపిస్తే వెంటనే మీకు చెప్పాలి?" అని ఒక్కసారి అడగండి. ఆలస్యం మీద ఫిర్యాదుంటే తప్పకుండా చెయ్యండి, కాకపోతే రాతలో, మర్నాడు.

అత్తయ్యగారికి పిత్తాశయంలో రాళ్లని తేలింది. వెళ్లేముందు రిసెప్షన్ అమ్మాయికి సారీ చెప్పాను. తను నవ్వింది గానీ, నేను దగ్గరికి వస్తుంటే ముందు కాస్త వెనక్కి జరిగింది. అది చూశాను.

ఇంటికొచ్చి చెల్లికి ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది: "మా వార్డు బయట గంటకోసారి వచ్చి సంగతి చెప్పే మనిషి ఒక్కరుంటే చాలక్కా. నేనే వెళ్దామంటే లోపల పేషెంట్లని వదల్లేను."