దయ్యానికి భయపడం, సరే. తాసిల్దారుకు?

గోరంట్ల చుట్టుపక్కల పల్లెల్లో మాదిగగేరికో మాలగేరికో పోతే చాలాచోట్ల ఒక చిన్న ప్రార్థన మందిరం ఉంటుంది. రేకుల కప్పు, ఒక మైకు, గోడ మీద సిలువ. ఆదివారం ఆడ మనోళ్లు లేచి సాక్ష్యం చెప్తారు. ఓపిగ్గా వినండి, అందులో ఎక్కువ భాగం భయం గురించే. గాలి సోకిందని భయపడితిమి, చేతబడి అని భయపడితిమి, ఇప్పుడు ఆ భయం పోయింది అంటారు. వానలు లేక శెనక్కాయ పోయి, ముసలోళ్లను ఇంటికాడ విడిచి బెంగళూరుకు కూలికి పోయే అక్క కూడా దేవుడున్నాడు, నాకు భయం లేదు అంటుంది.

మన ఉద్యమ మిత్రులు కొందరు ఈ మాటలకు నవ్వుతారు. నవ్వే పని కాదిది. కులం ఇన్ని వందల ఏండ్లు ఒక్క కర్రతోనే బతకలేదు, భయంతో కూడా బతికింది. అమ్మవారికి కోపమొస్తుందని చెప్పి మన ఆడపిల్లలను బసివినిగా వదిలిన ఆచారం ఈ అనంతపురం, బళ్లారి సీమల్లోనిదే. దాన్ని ఆపడానికి 1988లో చట్టం చేశారు. ఆ చట్టం సంగతి తెలియని తల్లి అయినా సరే, ఆ కోపానికి నేను భయపడను అని ఒక్క మాట అనగలిగితే ఒక పిల్ల బతుకు నిలబడుతుంది. ఆ మాట అనే బలం విశ్వాసం ఇస్తే ఇవ్వనీ, మనకేం నష్టం?

నా ప్రశ్న వేరే. ఏ భయం పోయింది, ఏ భయం మిగిలింది?

మనోళ్లు ఈ మతంలోకి గుంపులుగా వచ్చిన కాలం గుర్తు చేసుకుందాం. ఒంగోలు సీమలో ఎర్రగుంట్ల పేరయ్య అని ఒక మాదిగ, తోళ్ల వ్యాపారం చేసేవాడు, 1866లో బాప్తిస్మం తీసుకున్నాడు. ఆయన వెంట నడిచినోళ్లకు నియమాలు మూడే. ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. పైకి చూస్తే భక్తి మాటలే. ఊరి పెత్తనానికి మాత్రం మూడూ గొడ్డలిపెట్లు. ఆదివారం రానంటే వారానికి ఒక రోజు వెట్టి ఆగింది. మొక్కనంటే జాతరలో డప్పు ఆగింది. గొడ్డు మాంసం తిననంటే, ఆ తిండి చూపించి అంటరానోడు అనే నోరు మూతపడింది. పెత్తందార్లు ఊరుకుంటారా? అంగట్లో సరుకు ఇవ్వనీలేదు, నీళ్లకు అడ్డం పడ్డారు. అయినా మనోళ్లు వెనక్కి పోలేదు.

తర్వాత 1876-78 ధాత కరువు వచ్చింది. మన సీమను కూడా తుడిచిపెట్టిన కరువే అది. మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలవ తవ్వకంలో కాంట్రాక్టు తీసుకుని మనోళ్లకు కూలి ఇప్పించాడు, కానీ తిండికోసం వచ్చారనే మాట పడకూడదని ఆ కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. ఆపినవి మళ్లీ మొదలైనాక 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది నీళ్లలో దిగారు. పాలపొడికి మతం మారినోళ్లు అని ఇప్పటికీ ఎగతాళి చేసేవాళ్లకు ఈ సంగతి చెప్పాలి.

అంటే ఆనాడు భయం పోయింది కండ్లు మూసుకున్నందుకు కాదు. పదిమంది కలిసి ఒక పని చేయం అన్నందుకు పోయింది.

ఆ విశ్వాసం బిడ్డలకు ఇచ్చిన పేర్లు కారంచేడులో కనిపిస్తాయి. 1985 జులై 16న మంచినీళ్ల చెరువుకాడ పెత్తందారీ కులం కుర్రోళ్లు కొట్టబోతే బిందె ఎత్తి ఎదురు నిలిచిన ఆడమనిషి పేరు మున్నంగి సువార్త. మరునాడు చంపబడిన ఆరుగురిలో దుడ్డు మోషే, తేళ్ల మోషే, దుడ్డు వందనం ఉన్నారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమందిని నరికినప్పుడు ఊరు విడిచిన మనోళ్లకు తెనాలిలో నీడ ఇచ్చింది సాల్వేషన్ ఆర్మీ ఆవరణ. కారంచేడు రక్తం ఊరికే పోలేదు, 1989 అత్యాచారాల నిరోధక చట్టం వెనక ఆ రక్తం ఉంది.

ఇప్పుడు మిగిలిన భయం సంగతికి వస్తా. అది కాగితం భయం. మన పిల్లోడు మందిరంలో సమూయేలు, బడి రిజిస్టరులో ఇంకో పేరు. మతం అనే గళ్లో హిందూ. ఇది మోసం అని కొందరు వేలు చూపిస్తారు. ఎవరు నేర్పిన మోసం ఇది? 1950 రాష్ట్రపతి ఉత్తర్వులో మూడో పేరా హిందువు కానివాడు ఎస్సీ కాడంది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను కలుపుకుంది. క్రైస్తవుణ్ణి, ముస్లింను బయటే నిలబెట్టింది. మన రాష్ట్రంలో క్రైస్తవం తీసుకున్న ఎస్సీలను బీసీ-సి అని 1 శాతం కింద పెట్టారు. మతం మారితే గేరి మారిందా, ఇల్లు ఊరి నడిమధ్యకు వచ్చిందా? రెడ్డి క్రైస్తవులు కూడా ఉన్నారు, సిలువ వేసుకున్నా రెడ్డి రెడ్డిగానే ఉన్నాడు. మాదిగే ఎందుకు మాదిగ కాకుండా పోవాలి?

ఇప్పటి బాపట్ల జిల్లా పిట్టలవానిపాలెం మండలంలో ఒక పాస్టరు, కులం పేరుతో తిట్టి కొట్టారని 2021లో కేసు పెట్టాడు. 2025 ఏప్రిల్ 30న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ కేసు కొట్టేసింది. క్రైస్తవం తీసుకున్నవాడికి అత్యాచారాల చట్టం వర్తించదంది. తిట్టినవాడు బైబిలు చూసి తిట్టలేదు, కులం చూసే తిట్టాడు అని కదా ఆ పాస్టరు చెప్పింది. ఈ లెక్కన మోషే పేరున్న మనిషిని ఊరోళ్లు కొడితే మొదట విచారణ కొట్టినవాడి మీద కాదు, కొట్టించుకున్నవాడి మతం మీద.

దీని మీద మన మందిరాల్లో ఎంతమంది అయ్యగార్లు గట్టిగా మాట్లాడినారు? దయ్యాన్ని పేరుపెట్టి గద్దించే గొంతు తాసిల్దారు ఆఫీసు మాట వస్తే గుసగుస అవుతుంది. వాళ్ల బిడ్డలకూ సర్టిఫికెట్లు కావాలి, అర్థం చేసుకోగలను. ఒక్కడుగా మాట్లాడితే ఒక్కడి సర్టిఫికెట్టే పోతుంది. అందుకే ఇది సంఘం పని. మోషే కూడా ఫరో ముందుకు పోయింది తన ఒక్కడి కోసం కాదు, జనాన్ని మొత్తం విడిచిపెట్టమని అడగడానికి. పైగా మాల సంఘం వేరే, మాదిగ సంఘం వేరే అని రెండు మందిరాలు కట్టుకున్న ఊళ్లలో ఈ ఒక్క పనికైనా ఇద్దరూ ఒకచోట కూర్చోవాలి.

2022 అక్టోబరులో కేంద్రం ఈ విషయం మీద జస్టిస్ బాలకృష్ణన్ కమిషన్ వేసింది. ఢిల్లీ, విజయవాడ బిషప్పులు అర్జీలు ఇచ్చుకుంటారు. మనం చేయాల్సింది మన గేరిలో ఉంది. వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక ఎవురూ లేవకుండా పది నిమిషాలు కూర్చోండి. చదువుకున్న పిల్లతో ఆ మూడో పేరా పైకి చదివించండి. దాన్ని తీసేయాలని తీర్మానం రాసి, సంతకం వచ్చినోళ్లు సంతకం, రానోళ్లు వేలిముద్ర పెట్టి, సంఘం పేరుతో కలెక్టరుకు పంపండి. ఒక నకలు మాకూ పంపితే ఈ పత్రికలో వేస్తాం.