చూచితిని గనుక ఎరుగుదును

ప్రాచీన గ్రీకు భాషలో ‘ఒయ్‌ద’ అను క్రియ యొకటి కలదు. ‘ఎరుగుదును’ అని దాని అర్థము. అర్థము వర్తమానమే కాని రూపము వర్తమానము కాదు. ముగిసిన పని ఫలము ఇంకను నిలిచియున్నదని తెలుపు రూపమది. దాని ధాతువు చూపును చెప్పునది. ‘చూచితిని’ అనుటకు గ్రీకులు ఆ ధాతువునుండియే ‘ఎయ్‌దొన్’ అనిరి. కనుక ‘ఒయ్‌ద’ యనగా, చూచియున్నాను, అందువలన ఎరుగుదును అని.

సంస్కృతము చదివినవారికి ఈ క్రియ పరాయిది కాదు. దీని మొదట పూర్వము వకారముండెడిది. ఏథెన్సు భాషలో అది లోపించినను హోమరు ఛందస్సులో దాని జాడ కనబడును. ఆ వకారమును తిరిగి చేర్చినచో ఎదుట నిలుచునది విద్ ధాతువుయొక్క ‘వేద’ రూపమే. లిట్టున ధాతువునకు సాధారణముగా ద్విత్వము రావలెను. దృశ్ ధాతువునకు ‘దదర్శ’ యగును. ‘వేద’కు ద్విత్వము లేదు, ‘ఒయ్‌ద’కును లేదు. ఇచ్చట ఏకవచనము ‘వేద’, బహువచనము ‘విద్మ’. అచ్చట ‘ఒయ్‌ద’, ‘ఇస్మెన్’. విద్ ధాతువునకు వర్తమానమున లిట్టు ప్రత్యయములు వికల్పముగా వచ్చునని పాణిని 3-4-83 సూత్రమున విధించెను. సంస్కృత గ్రీకు లాటిను భాషలు ఏకమూలమునుండి వచ్చియుండునని 1786లో కలకత్తాలో విలియం జోన్సు చెప్పినది ధాతువులలోను, వ్యాకరణరూపములలోను గల ఇట్టి పోలికలను బట్టియే.

సంస్కృతమున విద్ ధాతువు ఎరుకను నిలుపుకొని చూపును మరచినది. మరచిన ఆ అర్థము గ్రీకునందును, లాటిను ‘విదేరె’ యందును భద్రముగా నున్నది. వేదమును మనము శ్రుతి యందుము. అయినను ఋషులను మంత్రద్రష్టలనియే కొనియాడుదుము.

ద్రావిడ కుటుంబమునకు చెందిన తెలుగు దారి వేరు. ‘నాకు తెలియును’ అందుము. ఎరుకయే వచ్చి మనలను చేరునన్నట్లుండును. తెలియుట యనగా తేటపడుట. దారులు వేరైనను నియమమొకటే: విషయము స్పష్టముగా కనబడవలెను.

నేడు వినికిడి ఎరుకగా చెలామణి యగుచున్నది. ఫోనులో వచ్చిన మాటను నిమిషములో పదిమందికి పంపి ‘నాకు తెలియును’ అనువారెందరో! కావ్యము తెరువకయే గైడులోని అభిప్రాయమును దించినవారికి పరీక్షలో మార్కులును వచ్చుచున్నవి. వ్యుత్పత్తి శాసనము కాదు. పుట్టుకనాటి అర్థమునకు ఏ పదమును కట్టుబడి యుండదు. అయినను ఈ పాతక్రియ అడుగు ప్రశ్న న్యాయమైనది: ఎరుగుదునంటివి, చూచితివా?